సగంలో ఆగిన ఆయిల్ బొమ్మలు: ఆపడం, దాచడం, మళ్ళీ కుంచె పట్టడం

స్టూడియోలో గోడవారగా నిలబెట్టిన కాన్వాసుల్లో సగానికి సగం పూర్తికానివే ఉంటాయి. ఆయిల్ రంగుతో పనిచేసేవాళ్ళకి ఇది తప్పదు. ఒక పూత ఆరేదాకా చేతులు కట్టుకుని కూర్చోలేం కాబట్టి ఇంకో బొమ్మ ఎత్తుకుంటాం. వాటిలో కొన్ని ఆరునెలలకో ఏడాదికో మళ్ళీ ఈజిల్ ఎక్కుతాయి, కొన్ని ఎందుకూ పనికిరాకుండా పోతాయి. పాడైనవాటికి కారణం వెతికితే చాలాసార్లు ఆపిన రోజు దగ్గరే దొరుకుతుంది. తడిరంగు గట్లుకట్టి ఉండగానే వదిలేయడం, ఏ పూతలో ఎంత నూనె కలిపామో రాసిపెట్టుకోకపోవడం, చెమ్మగోడకు ముఖం ఆనించి మరిచిపోవడం. అందుకే బొమ్మను ఎలా ఆపాలన్నది కూడా చిత్రకారుడు నేర్చుకోవాల్సిన పనే.

నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇంట్లోని ఒక గదిలోనో మిద్దె మీది షెడ్డులోనో పనిచేసేవాళ్ళను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాం. రోహిణి కార్తె ఎండలు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల వానలు, తుపాన్లు, తీరం వెంబడి ఉప్పుగాలి ఉన్న చోట, చలిదేశాల పుస్తకాలు చెప్పే ఆరుదల లెక్కలు ఉన్నవి ఉన్నట్టు నప్పవు.

రంగు ఆరడమంటే ఏమిటి

నీటిరంగులో నీరు ఆవిరైపోతే పని అయిపోయినట్టే. ఆయిల్ రంగు అలా ఆరదు. అందులోని అవిసె నూనె, అంటే లిన్సీడ్ ఆయిల్, గాలిలోని ఆక్సిజన్‌ను పీల్చుకుని మెల్లగా గట్టిపడుతుంది. ఆవిరైపోయేది రంగు పల్చన చేయడానికి మనం కలిపిన టర్పెంటైన్ మాత్రమే. వెచ్చదనం, వెలుగు, గాలి తగిలితే ఈ గట్టిపడడం త్వరగా జరుగుతుంది. చీకట్లో, ముసురులో ఆలస్యమవుతుంది.

రంగును బట్టి కూడా వేగం మారుతుంది. రా అంబర్, బర్న్ట్ అంబర్ అనే గోధుమరంగుల్లో మాంగనీసు ఉంటుంది కాబట్టి పల్చటి పూత ఒకటి రెండు రోజుల్లోనే చేతికి అంటకుండా ఆరుతుంది. టైటానియం తెలుపు, ఐవరీ నలుపు, కాడ్మియం ఎరుపు, అలిజరిన్ ఎరుపు బాగా నెమ్మది. తెలుపును దట్టంగా పెడితే వారాలు పడుతుంది, మరీ మందంగా ఉంటే నెలలు. ఇక్కడి నుంచే మొదటి నియమం వస్తుంది: త్వరగా ఆరేవి, నూనె తక్కువున్నవి కింద, నెమ్మదిగా ఆరేవి, నూనె ఎక్కువున్నవి పైన. అడుగుపూత ఇంకా కదులుతుండగా పైపూత బిగుసుకుంటే పైది చీలుతుంది. సగంలో ఆగిన బొమ్మల్లో ఈ నియమం తప్పడానికి అవకాశం ఎక్కువ, ఎందుకంటే ఏడాది తర్వాత కింద ఏముందో గుర్తుండదు.

మొదటి మెట్టు: ఎక్కడ ఆపాలి

ఒక మూల పూర్తిచేసి మిగతాది ఖాళీగా వదిలిన బొమ్మను తిరిగి ఎత్తుకోవడం చాలా కష్టం. పూర్తయిన మూల ఒక చేతివాటంతో, ఒక సీజను వెలుగుతో ఉంటుంది. కొత్తగా వేసేది దాంతో కలవదు. కాన్వాసంతా ఒకే దశకు వచ్చాక ఆపితే ఎప్పుడైనా అందుకోవచ్చు. లియొనార్డో డా విన్చి 1481లో ఒప్పుకుని, మిలాన్ వెళ్ళిపోతూ వదిలేసిన ‘అడొరేషన్ ఆఫ్ ద మేజై’ ఇప్పుడు ఫ్లోరెన్సులోని ఉఫీజి మ్యూజియంలో ఉంది. అందులో రంగులు ఇంకా పడలేదు, అయినా గోధుమరంగు ఛాయలతోనే గుంపులు, వెలుగు, నీడ అన్నీ కుదిరాయి. ఆపడానికి ఇది మంచి దశ.

ఒక ఉదాహరణ వివరంగా చూద్దాం. మూడడుగుల కాన్వాసు మీద ఒంగోలు గిత్త. ఒళ్ళంతా తెలుపే అనిపిస్తుంది గానీ, గిత్తకు తల, మెడ, మూపురం దగ్గర ముదురు బూడిదరంగు ఉంటుంది, మోకాళ్ళ దగ్గర నలుపు. ఎండ తగిలే వెన్ను మీద టైటానియం తెలుపులో చిటికెడు ఎల్లో ఓకర్, అంటే మట్టి పసుపు. నీడపక్కన అల్ట్రామెరీన్ నీలం, బర్న్ట్ సియెన్నా అనే ఎర్రటి గోధుమరంగు, తెలుపు. కడుపు కింద, గంగడోలు మడతల్లో మాత్రం నేల నుంచి ఎర్రమట్టి వెచ్చదనం పైకి కొడుతుంది, అక్కడ నీలం తగ్గించి సియెన్నా పెంచాలి.

ఈ బొమ్మను ఆపాల్సివస్తే మూపురం బూడిదరంగు, నీడలు, మధ్యఛాయలు పల్చగా పడి, వెన్ను మీది దట్టమైన తెల్లటి మెరుపులు పెట్టకముందు ఆపాలి. ఆ మెరుపుల్లోని తెలుపు నెమ్మదిగా ఆరేది. తర్వాత మనసు మారి దాని మీద అంబర్‌తో నీడ సరిచేస్తే, త్వరగా ఆరేది పైకొచ్చి పగులుతుంది. పైగా మందంగా పెట్టిన తెలుపు గట్టు అక్కడే నిలిచిపోతుంది, గీకినా దాని ఆకారం పూర్తిగా పోదు.

రెండో మెట్టు: ఆపే రోజు పని

ఇది అరగంట పని. దీన్ని వాయిదా వేయకూడదు, ఎందుకంటే రంగు తడిగా ఉన్నప్పుడే సాధ్యం.

ముందు గట్లు దించాలి. కాన్వాసును కిటికీ వెలుగుకు ఏటవాలుగా పట్టుకుంటే కుంచె చారలు, రంగు పేరుకున్న అంచులు నీడతో కనిపిస్తాయి. మెత్తటి పొడి కుంచెతో వాటిని అడ్డంగా సుతారంగా తుడవండి. ఆకారం మారవచ్చు అనుకున్న చోట, ముఖ్యంగా కాళ్ళు, ముఖం, చేతివేళ్ళు లాంటి చోట, పాలెట్ నైఫ్‌తో దాదాపు గుడ్డ కనిపించేదాకా గీకేయండి. వెనక మిగిలే మసక ఛాయ తర్వాతి డ్రాయింగుకు చక్కగా పనికొస్తుంది.

మొత్తం బొమ్మే బరువెక్కి, నూనె ఎక్కువై జారుతున్నట్టుంటే కాగితంతో అద్దాలి. పద్ధతి ఇది: అచ్చువేయని న్యూస్‌ప్రింట్ కాగితం బొమ్మ మీద పరచి, అరచేత్తో మధ్య నుంచి అంచులకు ఒత్తి, ఒక మూల పట్టుకుని నెమ్మదిగా ఒలవాలి. కాన్వాసు వెనక ఒక అట్టో పుస్తకమో ఆనించకపోతే గుడ్డ లోపలికి గుంటపడుతుంది. అచ్చు కాగితమైతే సిరా రంగులోకి దిగే ప్రమాదముంది. లండన్ స్లేడ్ కళాశాలలో 1918 నుంచి 1930 దాకా ప్రొఫెసరుగా ఉన్న హెన్రీ టాంక్స్ తన విద్యార్థులకు ఇది నేర్పేవాడు, అందుకే దీన్ని టాంకింగ్ అంటారు. పై నూనె పోయి, మసకగా, పల్చగా, మళ్ళీ గీయడానికి వీలైన పొర మిగులుతుంది. ఆపే బొమ్మకు ఇంతకంటే మేలు చేసే పని ఇంకోటి లేదు.

గుడ్డపేలికల సంగతి ఇక్కడే చెప్పాలి. లిన్సీడ్ ఆయిల్ తుడిచిన పేలికలు ఉండచుట్టి మూల పడేస్తే, నూనె ఆరేటప్పుడు పుట్టే వేడి బయటికి పోక అవి వాటంతటవే అంటుకుంటాయి. నిప్పు, కరెంటు ఏవీ అక్కర్లేదు. మే నెలలో రేకుల షెడ్డులో ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. ప్రతి పేలికనూ విడివిడిగా పరచి బయట తీగమీద ఆరేయండి, లేదా నీళ్ళున్న మూత డబ్బాలో ముంచి ఉంచండి. వాడిన టర్పెంటైన్ తూములో పోయకండి. సీసాలో రెండు మూడు రోజులు కదపకుండా ఉంచితే మడ్డి అడుక్కు దిగుతుంది, పైన తేరింది వంపుకుని కుంచెలు కడగడానికి మళ్ళీ వాడుకోవచ్చు.

మూడో మెట్టు: చీటీ

కాన్వాసు వెనక గుడ్డ మీద బాల్‌పెన్‌తో రాయకండి. ఒత్తిడికి ముందువైపు గీత తేలుతుంది. చట్రం కర్ర మీద మెత్తటి పెన్సిల్‌తో గానీ, దారంతో కట్టిన అట్టముక్క మీద గానీ రాయండి. రాయాల్సినవి: గుడ్డకు ఏ ప్రైమర్ (రంగుకు ముందు వేసే అడుగుపూత) పడింది, ఎన్ని పూతలు, ఏ పూత ఏ తేదీన, ప్రతి పూతలో టర్పెంటైన్, నూనె పాళ్ళు, వాడిన రంగులు.

రంగు పేరుకన్నా ట్యూబు మీది పిగ్మెంటు (అసలు రంగుపొడి) నంబరు రాసుకోవడం మంచిది. ఒకే పేరుతో రెండు కంపెనీలు వేర్వేరు పిగ్మెంట్లు అమ్ముతాయి. తెలుపులోనే చూడండి, పీడబ్ల్యు 6 అంటే టైటానియం, పీడబ్ల్యు 4 అంటే జింకు. జింకు తెలుపు పొర ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసెక్కి పగులుతుంది, పొరలుగా లేస్తుంది. కలిపి అమ్మే తెలుపుల్లో రెండూ ఉంటాయి. చీటీ మీద నంబరుంటే రెండేళ్ళ తర్వాత ఆ చోట దట్టంగా పూయాలా వద్దా అన్నది తెలుస్తుంది.

ఆరుబయట చూసి మొదలుపెట్టిన బొమ్మయితే గంట, కార్తె, సూర్యుడు ఏ పక్కన ఉన్నాడు అన్నవి తప్పనిసరి. మైపాడు, కొత్తపట్నం తీరాల్లో పొద్దు సముద్రం మీద పొడుస్తుంది, కాబట్టి ఉదయం పడవలు మనకు నీడరూపాల్లా కనిపిస్తాయి, సాయంత్రం అవే పడవల మీద ఎండ నేరుగా పడుతుంది. ఉదయం మొదలుపెట్టిన బొమ్మను సాయంత్రపు ఫోటో చూసి పూర్తిచేస్తే పడవ ఒక వెలుగులో, ఇసుక ఇంకో వెలుగులో ఉంటాయి.

చివరగా ఒక్క వాక్యం: తర్వాత చేయాల్సిన మొదటి పని. ‘మూపురం నీడ చల్లబరచాలి’ అన్నంత స్పష్టంగా రాయండి. ‘ఇంకా బాగుచేయాలి’ అని రాసుకుంటే ఉపయోగం లేదు.

నాలుగో మెట్టు: దాచడం

తడిగా ఉన్నంతకాలం బొమ్మ వెలుగులోనే ఉండాలి. లిన్సీడ్ ఆయిల్ చీకట్లో ఆరితే పసుపుపచ్చగా మారుతుంది, తెలుపులు, లేతనీలాలు మట్టిరంగుకు తిరుగుతాయి. ఇలా పచ్చబడింది చాలావరకు తిరిగి వస్తుంది: కొన్ని రోజులు పగటి వెలుగున్న గదిలో ముఖం బయటికి పెట్టి ఉంచితే చాలు. ఎర్రటి ఎండలో పెట్టాల్సిన పనిలేదు, పెడితే చట్రం వంకరపోతుంది.

ఉత్తరం కిటికీ మంచిదని అందరూ చెబుతారు, అది నిజమే గానీ మన అక్షాంశం దగ్గర ఒక చిక్కుంది. నెల్లూరు 14.4 డిగ్రీల మీద, ఒంగోలు 15.5 డిగ్రీల మీద ఉన్నాయి. మార్చి చివరి నుంచి సెప్టెంబరు చివరిదాకా సూర్యుడు తూర్పుకు కాస్త ఉత్తరంగా పొడిచి, పడమరకు కాస్త ఉత్తరంగా కుంకుతాడు. ఆ ఆరునెలలూ ఉత్తరం కిటికీలోంచి పొద్దున, సాయంత్రం ఏటవాలు ఎండ లోపలికి వస్తుంది. మిట్టమధ్యాహ్నం చూరు అడ్డుకుంటుంది. పల్చటి తెల్ల పంచె కిటికీకి కడితే వెలుగు సమంగా పరుచుకుంటుంది. రంగు పరదా కడితే దాని ఛాయ బొమ్మ మీద పడుతుంది.

ఆరిన బొమ్మలను నిలువుగానే దాచాలి, ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టకూడదు. చెక్కతో అరలు చేయిస్తే నేల నుంచి కనీసం 10 సెంటీమీటర్లు, గోడ నుంచి 5 సెంటీమీటర్లు ఎడం వదలండి. చెదలు నేల, గోడ పట్టుకునే వస్తాయి, ఎడం ఉంటే వాటి మట్టిదారి కంటపడుతుంది. ఒక చట్రం మూల ఇంకో కాన్వాసు గుడ్డకు తగిలితే గుంటపడి, కొన్నేళ్ళకు అక్కడ గుండ్రటి పగుళ్ళు వస్తాయి, కాబట్టి మధ్యలో అట్ట పెట్టండి. అరల పైన పాత పంచె కప్పితే దుమ్ము, బల్లి రెట్టలు పడవు. వెనకవైపు, చట్రానికీ గుడ్డకూ మధ్య సందులో పురుగులు మట్టిగూళ్ళు కడతాయి, నెలకోసారి తిప్పి చూడాలి.

తీరానికి దగ్గరుంటే ఇనుప మేకులు, మామూలు స్టేప్లర్ పిన్నులు తుప్పుపట్టి ఆ మరక గుడ్డలోకి దిగి, అంచు చినుగుతుంది. రాగి మేకులు గానీ స్టెయిన్‌లెస్ స్టీల్ పిన్నులు గానీ వాడండి. ఖర్చు కాస్త ఎక్కువే, అయినా దాని దగ్గర పొదుపు చేయకండి.

అయిదో మెట్టు: వానాకాలం

గదిలో తేమ కొలిచే చిన్న హైగ్రోమీటర్ ఒకటి పెట్టుకోండి. తేమ 65–70 శాతం దాటి రోజుల తరబడి అలాగే ఉంటే బూజు పట్టడం మొదలవుతుంది. ముందు గుడ్డ వెనక, జిగురు ఉన్న చోట, దుమ్ము పేరుకున్న చోట కనిపిస్తుంది. ముసురు రోజుల్లో బొమ్మలు ఎడంఎడంగా ఉంచి, ఫ్యాను గాలి గదిలో తిరిగేలా పెట్టండి, నేరుగా తడిరంగు మీదికి కాదు.

వానల్లో కాన్వాసు వదులైనట్టు కనిపిస్తే వెంటనే మూలల్లోని చెక్కముక్కలు కొట్టి బిగించకండి. గాలి పొడిబారాక అదే సర్దుకోవచ్చు. వానలో బిగించింది ఎండాకాలానికి మరీ బిగుసుకుని రంగుపొరను లాగుతుంది. జనవరి దాటాక చూసి, అప్పటికీ వదులుగా ఉంటే బిగించండి.

తుపాను హెచ్చరిక వచ్చినప్పుడు తడిబొమ్మలే సమస్య. ఒకే కొలత ఉన్న రెండింటిని ముఖాముఖి పెట్టి, నాలుగు మూలల్లో చట్రం కర్ర మీదికి వచ్చేలా 2 సెంటీమీటర్ల చెక్కముక్కలు పెట్టి తాడుతో కట్టండి. రంగు రంగుకు తగలదు. దానిమీద పాలిథిన్ కప్పి ఎత్తులో పెట్టండి. వాన వెలిసిన రోజే ఆ కవరు తీసెయ్యాలి, లేకపోతే లోపల పట్టిన చెమ్మే బూజు తెస్తుంది.

బూజు పట్టిందా, తడిగుడ్డ తగిలించకండి. అది గుడ్డ పోగుల్లోకి ఇంకా లోతుగా దిగుతుంది. గాలాడే నీడలో రెండు రోజులు పూర్తిగా ఆరనిచ్చి, ఎన్95 మాస్కు పెట్టుకుని, ఆరుబయట మెత్తటి కుంచెతో దులపండి. బ్లీచింగు జోలికి పోవద్దు.

ఆరో మెట్టు: తిరిగి తీసినప్పుడు పరీక్ష

కుంచె పట్టేముందు నాలుగు విషయాలు చూసుకోవాలి.

ఆరిందా? మందంగా ఉన్న చోట, అంచుకు దగ్గరగా గోటితో నొక్కండి. గుంట పడితే ఇంకా లోపల మెత్తగా ఉంది. ఆపిన ఒకటి రెండు రోజుల్లో, తడిమీద తడిగా కొనసాగించవచ్చు. పూర్తిగా ఆరాక కొనసాగించవచ్చు. మధ్యలో జిగటగా ఉన్న దశ మాత్రం పనికిరాదు, కొత్త టర్పెంటైన్ తగలగానే కింది పొర ఊడివస్తుంది.

రంగు పట్టుందా? తెల్లటి పొడి గుడ్డతో ఒక మూల రుద్దండి. పొడిలా రంగు అంటితే మొదటి పూతలో టర్పెంటైన్ మరీ ఎక్కువై నూనె చాలలేదన్నమాట. దానిమీద నేరుగా పూస్తే పైపొర నిలవదు. రీటచ్ వార్నిష్, అంటే పని మధ్యలో వాడే పల్చటి వార్నిష్, పల్చగా పట్టించి ఆరాక మొదలుపెట్టండి.

పగుళ్ళున్నాయా? వెడల్పుగా, మధ్యలో కింది రంగు కనిపించే పగుళ్ళు పూతల వరస తప్పినందుకు వచ్చినవి. ఆ చోట గీకి మళ్ళీ వేయాల్సిందే, పైన పూసి కప్పితే మళ్ళీ పైకొస్తాయి. ముడతలు పడి చర్మంలా ఉంటే నూనె ఎక్కువైంది. గుడ్డదాకా దిగిన సన్నటి పగుళ్ళు, ముఖ్యంగా మూలల నుంచి బయల్దేరేవి, బిగింపు వల్లా తగిలిన దెబ్బల వల్లా వస్తాయి.

మురికి ఉందా? ముందు పొడి కుంచెతో దులపండి. పోకపోతే డిస్టిల్డ్ వాటరుతో కాస్త తడిపిన దూది పుల్లను మూలన దొర్లించి చూడండి. అల్ట్రామెరీన్ లాంటి కొన్ని రంగులు ఆరాక కూడా నీటికి కదులుతాయి. దూదికి రంగు అంటిందంటే అక్కడే ఆపేయండి.

ఏడో మెట్టు: మళ్ళీ మొదలు

నెలల తర్వాత చూస్తే ముదురు రంగులు చప్పబడి, బూడిద పూసినట్టుంటాయి. నూనె కింది పొరలోకి ఇంకిపోయినందువల్ల అలా కనిపిస్తుంది, రంగు పోలేదు. దాన్ని చూసి రంగు కలిపితే తప్పు ఛాయ వస్తుంది. ముందు నూనె తుడుపు ఇవ్వాలి: శుద్ధిచేసిన లిన్సీడ్ ఆయిల్ ఒక పాలు, టర్పెంటైన్ రెండు పాళ్ళు కలిపి, నూగు రాలని గుడ్డతో, ఆ రోజు పనిచేయబోయే చోట మాత్రమే పల్చగా రుద్దండి. అయిదు నిమిషాలాగి పొడిగుడ్డతో మిగిలిందంతా తుడిచేయండి. వేలు పెడితే జారకూడదు. బొమ్మంతా తుడిచి, పనిచేయని చోట కూడా నూనె వదిలేస్తే ఆ పొర పచ్చబడి మచ్చలా నిలుస్తుంది.

కొత్త రంగు నిలవకుండా చుక్కలుగా ముడుచుకుంటే కింది పొర మరీ నున్నగా, నూనెగా ఉందని అర్థం. 400 నంబరు ఎమ్రీ పేపరును టర్పెంటైన్‌తో తడిపి మెల్లగా రుద్ది, తుడిచి, ఆరనివ్వండి. పొడిగా మాత్రం రుద్దకండి, కాడ్మియం, సీసం ఉన్న రంగుల ధూళి ఊపిరితిత్తుల్లోకి పోతుంది.

పాళ్ళు చీటీ చూసి నిర్ణయించుకోండి. తొలిపూత టర్పెంటైన్‌తోనే అయితే, రెండోదానికి టర్పెంటైన్ మూడు పాళ్ళు, నూనె ఒక పాలు, మూడోదానికి రెండుకు ఒకటి, చివరిదానికి సమపాళ్ళు. ఈ మిశ్రమం కూడా రంగులో కొద్దిగానే కలపాలి, కుంచె సులువుగా జారితే చాలు. చీటీ లేకపోతే మూడో పూత అనుకుని సాగండి.

పాత రంగుకు కొత్తది సరిపోల్చడానికి లామినేషన్ షీటు ముక్క మీద కలిపిన రంగు ఒక బొట్టు పూసి, బొమ్మ మీద ఆ చోటే పట్టుకుని చూడండి. అంచు కనిపించకుండా కలిసిపోతే సరైన ఛాయ. చీమకుర్తి నల్ల గ్రానైటు ముక్క నున్నగా ఉందని పాలెట్‌గా పెట్టుకోవాలనిపిస్తుంది, కానీ నలుపు మీద ప్రతి రంగూ ఉన్నదానికన్నా లేతగా కనిపించి మనం ముదురుగా కలిపేస్తాం. అద్దం కింద బూడిదరంగు కాగితం పెట్టుకోవడమే నయం.

ఇక అసలు నిర్ణయాలు. గిత్త తల కాస్త పక్కకు తిప్పాలా, వెనక తాటిచెట్లు ఉండాలా వద్దా అన్నవి కాన్వాసు మీద తేల్చుకోకండి. ఒక మార్కాపురం పలక పక్కన పెట్టుకోండి. పలక రంగు సరిగ్గా ముదురు మధ్యఛాయ, సుద్దముక్కతో వెలుగు పడే చోట్లు మాత్రమే గీస్తే చాలు, బొమ్మ నిలుస్తుందో లేదో రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నచ్చకపోతే చెరిపేసి మళ్ళీ గీయండి. అందులో కుదిరిన అమరికను మాత్రమే కాన్వాసు మీదికి తీసుకెళ్ళండి. ఒళ్ళు తెల్లగా ఉండే జంతువులకు, ఎండలో మెరిసే పెన్న ఇసుకకు ఈ పద్ధతి బాగా సరిపోతుంది.

వదిలేయాల్సిన బొమ్మలు

ఎన్నాళ్ళు గడిచినా చీటీ మీద రాసిన తర్వాతి పనికి చెయ్యి రాలేదంటే ఆ కాన్వాసును ఖాళీ చేయడం మంచిది. ఒకేసారి అయిదారుకు మించి నడుస్తున్న బొమ్మలుంటే ఏదీ ముందుకు సాగదు. వదిలేసేముందు బాగా వచ్చిన భాగం, ఒక గంగడోలు మడతో ఒక తెరచాప నీడో, ఉంటే దాన్ని ఫోటో తీసి, ఆ రంగుల పాళ్ళు నోటుపుస్తకంలో ఎక్కించండి.

అదే గుడ్డను మళ్ళీ వాడాలంటే రెండు జాగ్రత్తలు. ఆయిల్ పూత మీద ఆక్రిలిక్ గెస్సో, అంటే నీటితో కలిపే తెల్లటి ప్రైమర్, వేయకండి, పట్టు దొరకక పొరలుగా లేస్తుంది. ఆక్రిలిక్ మీద ఆయిల్ వేయవచ్చు గానీ ఆయిల్ మీద ఆక్రిలిక్ కుదరదు. గట్లు తడి ఎమ్రీతో దించి, ఆయిల్ ప్రైమర్ గానీ, నూనె తక్కువ కలిపిన తెలుపు, అంబర్ మిశ్రమం గానీ పల్చగా పూసి బాగా ఆరనివ్వాలి. రెండోది, ఆయిల్ పొర ఏళ్ళు గడిచేకొద్దీ పారదర్శకమవుతుంది. కింద ముదురు ఆకారాలుంటే పైన లేత ఆకాశం వేసినా అవి ఎప్పటికో తేలతాయి. అలాంటి గుడ్డ మీద చెట్లగుంపు, రాతిగోడ, రాత్రివేళ లాంటి ముదురు విషయాలే ఎంచుకోండి. చట్రం నిటారుగా ఉండి గుడ్డ మాత్రమే పోతే గుడ్డ ఒలిచేసి కొత్తది బిగించడమే అన్నిటికన్నా చవక, ఫలితం కూడా నమ్మకంగా ఉంటుంది.